కదలని ప్రయాణికురాలు

భర్త రామస్వామి పోయిన పదహారో రోజున అండాలమ్మ పనిలోకి వచ్చింది. చీపురు గోడకు ఆనించి నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"సారూ, నేను నొక్కితే బతికేటోడా?"

నాకు ఇరవై మూడేళ్ల సర్వీసు. విమానంలో మంటలొస్తే ఏం చెయ్యాలో, నీళ్ల మీద దిగితే ఏం చెయ్యాలో, గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎలా నొక్కాలో కొత్త సిబ్బందికి నేర్పి బతికినవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. తెలిసి కూడా, "ముందా గది ఊడ్చెయ్, పిల్లలొస్తారు" అన్నాను. పిల్లలెవరూ రారని ఇద్దరికీ తెలుసు. బయట సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బళ్లు లేవు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లన్నీ షట్టర్లు దించుకుని కూర్చున్నాయి. ఆమె చీపురు తీసుకుని లోపలికి పోయింది. సిగ్గనిపించలేదా అంటే, లేదు. ఆ నెలలో నాకు ఏదీ అనిపించలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. పేరు చక్రపాణి, ఊరు గుడివాడ. ఒక విమాన కంపెనీలో క్యాబిన్ సిబ్బందిగా చేరి, తర్వాత వాళ్లకే అత్యవసర శిక్షణ ఇచ్చే పని చేశాను. కంపెనీ మూతపడ్డాక చైతన్యపురిలో ఇంట్లో కూర్చుని టీవీని తిట్టుకుంటూ ఉంటే మల్లికార్జునరావు అనే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి కొట్టు పైన మూడో అంతస్తులో ఆయనకు ఎయిర్ హోస్టెస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ ఇంగ్లీషు మాట్లాడ్డం, నవ్వడం, లిప్‌స్టిక్ వేసుకోవడం నేర్పేవారు. విమానం కూలితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పేవారు కాదు.

"అదొక్కటీ మీరు చూడండి గురువుగారూ, ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారు" అన్నాడు.

"విమానం లేకుండా నా బొంద నేర్పనా?" అన్నాను.

"బస్సు కొందామండీ" అన్నాడాయన. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నిజంగానే కొన్నాడు. తుక్కు కింద వేలం వేసిన పాత బస్సు. ఎల్బీనగర్ నుంచి నాగోలు వెళ్లే దారిలో ఖాళీ ప్లాటులో రేకుల షెడ్డు వేసి, దానికి తెల్లరంగు కొట్టించి అందులో నిలబెట్టాడు. ఆ బస్సును విమానం చేసింది రామస్వామి. బస్సు డిపోలో మెకానిక్. సెలవు రోజుల్లో వచ్చి, నేను కాగితం మీద గీసిచ్చిన విమానం తలుపును, దాని లివరును అచ్చం అలాగే ఇనుముతో చేసి బిగించాడు. మనిషి మాట తక్కువ. పనంతా అయ్యాక చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "ఇది ఎగరది గద సారూ?" అనడిగాడు.

"ఎగరదు."

"మంచిది. నేను బ్రేకులు చూడలే" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. తర్వాత కాసేపు అటూ ఇటూ చూసి, "మా ఆమె ఇంటికాడ ఉత్తగనే ఉంటది. ఊడ్వనీకి పెట్టుకోరాదు సారూ" అన్నాడు. అలా వచ్చింది అండాలమ్మ.

వాళ్లది మోత్కూరు దగ్గర పల్లె. మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయి, ఉన్నది అమ్ముకుని పట్నం వచ్చారు. సరూర్‌నగర్ చెరువు వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. ఒక్కతే కూతురు యాదలక్ష్మి, పెళ్లయి చౌటుప్పల్‌లో ఉంది. అండాలమ్మకు అప్పటికి నలభై దాటాయి. సన్నగా, ఎత్తుగా ఉండేది. నడక చూస్తే ఎప్పుడూ ఎవరో పిలిచినట్టే, ఆ హడావుడే.

ఊడవడానికి వచ్చిన మనిషి ప్రయాణికురాలు ఎలా అయిందంటే, మా పిల్లల వల్ల. బ్యాచికి పదిహేను మంది. నలుగురు సిబ్బందిగా నిలబడితే మిగతావాళ్లు ప్రయాణికులు. అందరూ ఇరవై ఏళ్ల వాళ్లు. విజిల్ ఊదగానే టపటపా దూకి బయటపడేవారు. "చూశారా సార్, అరవై సెకన్లే!" అని చప్పట్లు కూడానూ. ఒళ్లు మండేది నాకు. అసలు విమానంలో ఎవరుంటారు? మోకాళ్ల నొప్పుల వాళ్లు, చూలింతలు, దుబాయ్ పోతూ సంచీని గుండెకు హత్తుకుని కూర్చున్నవాళ్లు. ఒకరోజు విసిగిపోయి, "అండాలమ్మా, ఆ చీపురు అక్కడ పడేసి నువ్వు కాసేపు కూర్చో" అన్నాను. ఐదేళ్లు కూర్చుంది.

"ఇయ్యాల నేనేంది సారూ?" అని అడిగేది రాగానే.

"ఇవాళ నువ్వు నిండు చూలాలివి."

"గీ ఈడులనా? జర శరం పెట్టు సారూ" అంటూనే ఎవరిదో బ్యాగు పొట్టకు కట్టుకుని, కొంగు కప్పుకుని కూర్చునేది. సామాను వదలని ప్రయాణికురాలి వేషమైతే ఆమెకు నేర్పే పనే లేదు. టిఫిన్ డబ్బా ఉన్న బుట్ట ఒళ్లో పెట్టుకుంటే ఇద్దరు పిల్లలు కలిసి గుంజినా ఇచ్చేది కాదు. "నా బువ్వ నాకిడిసిపెట్టుర్రి. మీ ఇమానం కాలితే కాలనీ!" అని అరిచేది. పిల్లలు పగలబడి నవ్వేవారు. నేను విజిల్ ఊది, "నవ్వినవాళ్లందరూ పొగకు చచ్చారు. మళ్లీ మొదటినుంచి" అనేవాణ్ణి.

కానీ మా పాఠంలో అన్నిటికంటే కష్టమైన ప్రయాణికుడు అరిచేవాడు కాదు, కదలనివాడు. ప్రమాదంలో అందరూ కేకలు పెట్టి పరుగెత్తుతారనుకుంటారు. అదంతా ఉత్తమాట. చాలామంది చేతులు ఒళ్లో పెట్టుకుని ముందు సీటు చూస్తూ కూర్చుండిపోతారు. పక్కన మంట ఉన్నా లేవరు. వాళ్ల దగ్గర మర్యాదలు పనికిరావు. చెవి దగ్గర అరవాలి, భుజం పట్టి లాగాలి. మా పిల్లలు సరిగ్గా అక్కడే చేతులెత్తేసేవారు. పెద్దామె ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి మొహమాటం. "ఆంటీ, ప్లీజ్ ఆంటీ" అంటూ నిలబడేవారు. ఇచ్చిన తొంభై సెకన్లూ అక్కడే అయిపోయేవి.

ఆ వేషం అండాలమ్మకు మొదట్లో చేతకాలేదు. అరుపు వినబడగానే లేచి నిలబడేది. పుట్టిపెరిగిన తీరు అలాంటిది. పక్క సీట్లో కూర్చుని నేనే నేర్పాను. "చూడు అండాలమ్మా, ఏమైనా కానీ. పొగ రానీ, దీపాలు ఆరనీ, పక్కవాడు పడిపోనీ. ఎవరైనా వచ్చి నీ భుజం పట్టి లాగేదాకా లేవకూడదు. నీ పని కూర్చోవడం, అంతే."

"గంతేనా?"

"అంతే."

"గిది మంచిగుంది సారూ. పుట్టినకాడి నుంచి నన్ను కూసొమ్మన్నోళ్లే లేరు" అంది.

ఆరు నెలల్లో నేర్చేసుకుంది. ముందు సీటు మీద ఒకచోట చూపు పెట్టేది. ఇక అంతే. ముఖం ముందు చిటికె వేసినా రెప్ప కొట్టేది కాదు. చుట్టూ విజిళ్లు, కేకలు, పొగ కోసం మేం వేసిన సాంబ్రాణి, తోసుకుంటూ పోయే పిల్లలు. ఆమె మాత్రం అలాగే ఉండేది. ఎవరో వచ్చి భుజం పట్టి గుంజితే అప్పుడు లేచి వాళ్ల వెంట నడిచేది. వారానికి రెండుసార్లు, ఐదేళ్లు. లెక్కేస్తే ఐదు వందల సార్లకు తక్కువుండదు. ఇంత బాగా కూర్చునే మనిషి పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా దొరకదని మల్లికార్జునరావు దగ్గర గొప్పలు పోయాను.

సాయంత్రం డ్యూటీ దిగి రామస్వామి ఆమెను తీసుకెళ్లడానికి షెడ్డు దగ్గరికి వచ్చేవాడు. "ఇయ్యాల సచ్చినవా, బతికినవా?" అని అడిగేవాడు. "బతికిన. పిల్లలు గుంజిర్రు" అనేది. కొన్నాళ్లు "సచ్చిన" అనేది. "అయితే వంట నేను చెయ్యాల్నా?" అనేవాడు. ఇద్దరూ నడుచుకుంటూ పోయేవారు. నేను షెడ్డుకు తాళం వేసేవాణ్ణి.

ప్రథమ చికిత్స పాఠం మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, మూడో అంతస్తులో. అక్కడ గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మ ఒకటి ఉంది. నడుం దాకా ఉంటుంది. రెండంగుళాలు లోపలికి దిగేలా నొక్కితే టక్ మని చప్పుడొస్తుంది. దిగకపోతే రాదు. నిమిషానికి వంద తగ్గకుండా నొక్కాలి. నొక్కేవాడు అలిసిపోతాడు కాబట్టి రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. మెదడుకు రక్తం అందకపోతే నాలుగు నిమిషాల్లో చెడిపోవడం మొదలవుతుంది. ఇదంతా ప్రతి బ్యాచికీ అరిచి అరిచి చెప్పేవాణ్ణి. గుమ్మం దగ్గర కూర్చుని అండాలమ్మ వినేది. పిల్లలు లెక్క తప్పితే అక్కణ్నుంచే అందించేది. బొమ్మకు పటేల్ అని పేరు పెట్టింది. "పటేల్ లేస్తలేడు, ఇంక జర గట్టిగ" అనేది. నువ్వూ ఒకసారి నొక్కు అని పిల్లలంటే, "నాదెందుకు, నా పని కూసునుడు" అనేది. నేను కూడా ఒక్కనాడూ నొక్కమనలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు నా మీద కోపమే వస్తోంది.

ఆ ఏడు సెప్టెంబరులో సమ్మె మొదలైంది. దానికి ముందు రెండేళ్లుగా బంద్‌లూ రాస్తారోకోలూ అలవాటైపోయాయి. ఎందుకైనా మంచిదని మల్లికార్జునరావు మా తెల్లబస్సు మీద ఎర్ర అక్షరాలతో జై తెలంగాణ అని రాయించాడు. చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది. అండాలమ్మ మాత్రం సంతోషపడింది. "మీరు మీ ఆంధ్రకు పోతరా ఏంది సారూ? పోతే పోండ్రి, బస్సు ఇడిసిపోండ్రి. మా ఆయన రిపేరు చేస్తడు" అని ఏడిపించింది. రామస్వామి డిపోలో అందరితో పాటు సమ్మెలోకి దిగాడు. రోజూ ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చుని సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడట. జీతం లేదని బెంగ పడలేదని, నవ్వుతూనే ఉండేవాడని తర్వాత విన్నాను.

సమ్మె మొదలై రెండు వారాలయ్యాక, ఒక పొద్దున వాళ్ల పక్కింటి గోపయ్య ఫోన్ చేశాడు. "సారూ, రామస్వామి పోయిండు" అని పెట్టేశాడు.

చైతన్యపురి నుంచి నడిచే వెళ్లాను. వాకిట్లో జనం. రామస్వామిని చాప మీద పడుకోబెట్టారు. అండాలమ్మ గదిలో మంచం మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగోడ మీద ఒకచోట చూస్తూ. ఆడవాళ్లు పట్టుకుని ఏడుస్తున్నా రెప్ప కొట్టడం లేదు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. నేర్పిందే నేను. అయినా ఆ క్షణాన నాకు ఏమీ తట్టలేదు. పాపం, దుఃఖంలో ఉంది అనుకుని, కాసేపు నిలబడి వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను.

ఆ తర్వాత పదహారో రోజు ఆమె వచ్చి అడిగిందీ, నేను గది ఊడ్చెయ్యమని తప్పించుకుందీ మొదట్లోనే చెప్పాను.

మర్నాడు షెడ్డు దగ్గర డ్రిల్లు పెట్టాల్సి వచ్చింది. మా పిల్లల్లో తన్మయి అనే అమ్మాయికి వారంలో కంపెనీ ఇంటర్వ్యూ. కొత్తపేట నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఆమె వెంట ఇంకో ఐదుగురు. సమ్మెవాళ్లు చూస్తే బాగుండదని షెడ్డు తలుపు దగ్గరికేసి మొదలుపెట్టాం. అండాలమ్మను రావద్దన్నాను. తనే వచ్చి తన సీట్లో కూర్చుంది.

విజిల్ ఊదాను. పిల్లలు దిగిపోయారు. తన్మయి అండాలమ్మ దగ్గరికొచ్చి, "లే! బెల్టు తియ్! ఇటు రా!" అని అరిచింది. బాగానే అరిచింది. భుజం పట్టి లాగింది. ఐదేళ్లలో ఎప్పుడూ ఆ పట్టుకు లేచే మనిషి ఆ రోజు లేవలేదు. మళ్లీ లాగింది. రెండు చేతులా పట్టుకుని గుంజింది. అండాలమ్మ తల ముందుకూ వెనక్కూ ఊగింది తప్ప మనిషి లేవలేదు. తన్మయి ఏడుపు మొదలుపెట్టింది. నేను గడియారం ఆపాను. నూట నలభై సెకన్లు.

అప్పుడు నేనేమన్నానో చెప్పాలంటే నోరు రావడం లేదు. పిల్లల వైపు తిరిగి, "చూశారా? నిజం ప్రయాణికులంటే ఇలా ఉంటారు. అండాలమ్మను చూసి నేర్చుకోండి" అన్నాను.

పిల్లలు వెళ్లిపోయాక బస్సెక్కాను. ఆమె ఇంకా అలాగే ఉంది. పక్క సీట్లో కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది. గొంతులో ఏడుపు లేదు, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

"పొద్దుగాల తొమ్మిదైతుండె సారూ. చాయ్ తాగి గిలాస కింద పెట్టిండు. ఎట్లనో అయితుందే అన్నడు. అని గట్లనే పక్కకు ఒరిగిండు. నేను మంచం మీద కూసున్న. చూస్తనే ఉన్న. నాకు తెల్వదా సారూ? ఏడ చెయ్యి పెట్టాలెనో తెలుసు, ఎంత లోతు నొక్కాలెనో తెలుసు. అన్ని తెలుసు. గని లేవలే. ఎవలో ఒస్తరు, భుజం పట్టి గుంజుతరు, గప్పుడు లేవాలె అని కూసున్న. గట్లనే అనిపించింది. ఇంకా ఎవ్వలు ఒస్తలేరేంది అని చూసిన. గోపయ్య ఒచ్చి భుజం పట్టి గుంజిండు. గప్పుడు లేచిన."

ఏడుపు వస్తే బాగుండనిపించింది గానీ రాలేదు. చివరికి, "కూర్చోమన్నది నేనే కదా అండాలమ్మా" అన్నాను.

"నువ్వు బస్సుల కూసొమ్మన్నవ్ సారూ. ఇంట్ల కూసొమ్మనలే" అంది.

తర్వాత మళ్లీ అదే ప్రశ్న. "నొక్కితే బతికేటోడా?"

ఈసారి తప్పించుకోవడానికి ఊడవాల్సిన గది కూడా లేదు. "పెద్ద పోటు వచ్చి ఉంటుంది. అలాంటప్పుడు డాక్టరు పక్కనున్నా లాభం ఉండదు" అన్నాను.

"నాకు చెప్పకు సారూ. నాలుగు నిమిషాలని క్లాసుల నువ్వే చెప్తవు గద. మొత్తుకుని మొత్తుకుని చెప్తవు."

ఐదేళ్లు నా పాఠం విన్న మనిషికి నేను అబద్ధం చెప్పబోయాను. అప్పుడు నాకు నిజమే ఒకటి దొరికింది. "సరే, నొక్కావే అనుకో. అంబులెన్సు ఎప్పుడొచ్చింది?" అని అడిగాను.

చౌరస్తాలో ధర్నావాళ్లు దారి ఇచ్చారట. కానీ వరసగా ఆగిపోయిన లారీలు దాటి రావడానికి ఆలస్యమైందట. అతను ఒరిగిన దగ్గర్నుంచి లెక్కేస్తే నలభై నిమిషాలు.

"నలభై నిమిషాలు ఒక్కరే నొక్కలేరు అండాలమ్మా. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని రూలు. నువ్వు లేచినా నీ వల్ల అయ్యేది కాదు."

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది. "నా వల్ల అయితుండెనో లేదో నీకెట్ల ఎరుక? నేనెన్నడన్న నొక్కిన్నా?" అంది. మళ్లీ తనే, "రేపు నొక్కి చూస్త. నలభై నిమిషాలు" అంది.

ఆ రాత్రి పడుకునే ముందు నేను కోరుకున్నదొక్కటే. ఐదు నిమిషాల్లో ఆమె అలిసిపోవాలి. చేతులు పడిపోవాలి. తన వల్ల అయ్యేది కాదని తన చేతులతో తనే తెలుసుకోవాలి. ఇక ఆ ప్రశ్న అడగదు. అలా జరగకపోతే ఏం చెయ్యాలో నేను ఆలోచించలేదు.

పొద్దున తొమ్మిదికి మూడో అంతస్తులో కరెంటు లేదు. కిటికీలు తెరిచాను. కింద మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. డప్పులు, నినాదాలు. అండాలమ్మ కొంగు నడుముకు బిగించి బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అరచేయి ఎక్కడ ఆనాలో, మోచేతులు వంగకుండా ఎలా ఉంచాలో చూపించబోయాను. అప్పటికే సరిగ్గా పెట్టేసింది.

"నోట్లె ఊదుడు వద్దు సారూ. నొక్కుడే" అంది.

గడియారం చూసి సరే అన్నాను.

టక్. టక్. టక్. మొదటి నిమిషంలో నూట పది. ఒక్కటీ తప్పలేదు. రెండో నిమిషం, మూడో నిమిషం. మా పిల్లలు ఈపాటికి అమ్మో చేతులు అంటూ వెనక్కి పడిపోతారు. ఐదో నిమిషంలో ఆమె ముక్కు చివర్నుంచి చెమట బొమ్మ మీద పడుతోంది. టక్ మంటూనే ఉంది. బావిలోంచి నీళ్లు తోడి, బండ మీద బట్టలు ఉతికి, వడ్లు దంచి పెరిగిన చేతులవి. వాటిని చూస్తుంటే నాకు భయం పట్టుకుంది. ఆగిపో అండాలమ్మా అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

ఎనిమిదో నిమిషంలో ఒకటి తప్పింది. తొమ్మిదిలో మూడు. పదకొండు దాటేసరికి సగానికి సగం చప్పుడు లేవు. పన్నెండో నిమిషం అయ్యాక టక్ అన్నది పూర్తిగా ఆగిపోయింది. నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది.

"చాలు అండాలమ్మా."

"నలభై అయినయా?"

"లేదు. కానీ చాలు."

ఆమె ఆపలేదు. చప్పుడు లేకుండా నొక్కుతూనే ఉంది. ఇరవయ్యో నిమిషంలో నేను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, క్లాసులో అన్నట్టే "మార్పు" అని చేతులు చాపాను. నా చేతులు పక్కకు తోసేసింది. "ఇంట్ల నువ్వు లేవు గద సారూ" అంది. ఆ తర్వాత ఆమె చేతులు బొమ్మ మీద ఊరికే పడి లేస్తున్నాయి. ముఖంలో ఏమీ లేదు. ఊరేగింపు దాటిపోయింది, రోడ్డు నిశ్శబ్దమైంది. ఆమెను చెయ్యి పట్టి లేపాల్సింది. నేను చూస్తూ కూర్చున్నాను.

నలభై నిమిషాలైంది. చెప్పాను. గోడకు ఆనుకుని కూలబడింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. నీళ్ల గ్లాసు నేనే నోటికి అందించాను. రెండు గుక్కలు తాగి, "టక్కనుడు ఎప్పుడు ఆగింది సారూ?" అని అడిగింది.

ఇన్నాళ్లకు నా దగ్గర చెప్పదగిన నిజం ఉంది. దాచకుండా, కొంచెం గట్టిగానే చెప్పాను. "పన్నెండు నిమిషాలకు. ఆ తర్వాత ఒక్కటి కూడా దిగలేదు. నువ్వు కాబట్టి పన్నెండు. ఇంకెవరైనా అయితే అందులో సగం కూడా ఉండదు. అంబులెన్సు వచ్చేదాకా నీ ఒక్కదాని వల్ల అయ్యేది కాదు అండాలమ్మా. ఇక మనసులో పెట్టుకోకు."

ఆమె విన్నది. తల కూడా ఊపింది. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసింది.

"పన్నెండు నిమిషాలు" అంది. "గోపయ్య పది నిమిషాలకే ఒచ్చిండు సారూ. బస్తాలు మోసెటోడు. ఇద్దరం మారుతుంటిమి."